గెనిమ మీద నూటయాభై మేత చెట్లు

పలమనేరు, పుంగనూరు వైపు రెండు మూడు ఆవులున్న ఇళ్లలో ఎండాకాలం మేతంటే వరిగడ్డి, మిగిలితే చెనక్కాయ కట్టె. కట్టె కాస్త నయం. వరిగడ్డిలో మాంసకృత్తులు 3-4 శాతమే. ఆ లోటు పూడ్చడానికే దాణా మూట కొంటారు. సుబాబుల్, అవిశ, గ్లైరిసిడియా చెట్ల ఆకుల్లో ఎండు లెక్కన 20-25 శాతం దాకా ఉంటాయి. కాబట్టి చెట్టు మేతను గడ్డితో పోల్చి చెబితే రైతు నమ్మడు, దాణా ఖర్చుతో పోల్చి చెప్పాలి. పాలిచ్చే ఆవుకు రోజూ ఈ చెట్ల పచ్చి రొట్ట 5-6 కిలోలు వేస్తే కిలో దాణా తగ్గించొచ్చు. అంతకు మించి తగ్గిస్తే పాలు పడిపోతాయి, ఎందుకంటే ఆకులో దాణాకున్నంత శక్తి లేదు.

ఇక ఎన్ని చెట్లు? కోతకు చెట్టుకు రెండు కిలోలు వస్తాయనుకుని, రెండు నెలలకోసారి కోస్తే, రోజుకు ఐదు కిలోల లెక్కన ఒక్క ఆవుకే 150 చెట్లు కావాలి. మూడడుగులకొకటి వేస్తే 450 అడుగుల గెనిమ, అంటే చేను గట్టు, కావాలి. ఎకరా చేను చుట్టుగట్టులో సగానికి పైనే. ఇంటికి పది మొక్కలు పంచి ఫోటో తీసుకుని పోయే కార్యక్రమాలు ఎందుకు నిలవవో ఈ లెక్కలోనే ఉంది.

సుబాబుల్ గింజ తోలు గట్టిది, నేరుగా నాటితే చాలా గింజలు మొలవవు. నీళ్లు మరగకాచి దించి, కాస్త ఆరాక గింజలు వేసి మూడు నాలుగు నిమిషాలుంచి వంపేయండి. రాత్రంతా చన్నీళ్లలో నానబెడితే పొద్దున్నే ఉబ్బి కనిపిస్తాయి. ఉబ్బనివాటికి మళ్లీ వేడినీళ్లు. పొయ్యి మీదే ఉడికిస్తే మొలక చచ్చిపోతుంది. అవిశ గింజకు ఈ తతంగం అక్కర్లేదు, ఒక రాత్రి నానితే చాలు.

మొక్క నాటేముందే కంప వేయాలి. లేత సుబాబుల్ మేకకు దొరికితే మోడే మిగులుతుంది. మొదటి ఏడాది కాపలా లేని చోట నాటడం దండగ.

కోత దగ్గరే ఎక్కువ చెట్లు పోతాయి. సుబాబుల్ మనిషెత్తు దాటాక నడుము ఎత్తున కోస్తే గుబురుగా చిగురిస్తుంది. అవిశను అలా కోస్తే చచ్చిపోతుంది. దాని నడి కాండాన్ని తాకకుండా పక్క కొమ్మలే కోయాలి. గ్లైరిసిడియాను బొటనవేలి కంటే లావైన, మూడడుగుల కొమ్మలుగా కోసి అడుగు లోతున పాతొచ్చు. బోరు లేని మెట్టలో మాత్రం గింజ మొక్కే మేలు, వేరు లోతుకు పోతుంది. మామిడి తోట కంచెకు గ్లైరిసిడియా బాగా కుదురుతుంది. దీని ఆకు వాసన ఆవులకు మొదట పడదు. సాయంత్రం కోసి, వాడిపోనిచ్చి, పొద్దున తరిగిన గడ్డిలో పిడికెడుతో మొదలుపెట్టి వారంలో పెంచండి.

సుబాబుల్‌లో మైమోసిన్ అనే విషపదార్థం ఉంది. మొత్తం మేతలో మూడో వంతు దాటనీయకండి. తోక వెంట్రుకలు రాలడం, చొంగ కారడం, గొంతు వాపు కనిపిస్తే వెంటనే ఆపి పశువైద్యుడికి చూపించండి. గుర్రాలకు, పందులకు అసలు వద్దు. కాయలు ముదిరి రాలకముందే కోసేయాలి, లేకపోతే గింజ పక్క చేలో మొలిచి కలుపవుతుంది. పొత్తు గెనిమ మీదైతే పక్క రైతుతో ముందే మాట్లాడుకుని నాటండి. నీడ పడి తన చెనక్కాయ దెబ్బతింటే ఆయన గొడ్డలి తీసుకొస్తాడు, తప్పు ఆయనది కాదు.