నాన్న రాసుకున్న అంకెలు

నాన్న పోయిన పదకొండో రోజున ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. నెలకు 398 రూపాయల స్పెషల్ టీచరుగా చేరి, తరువాత రెగ్యులరై, 2017లో లెక్కల స్కూల్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసేదాకా ప్రకాశం జిల్లా పల్లెల్లో ఆయన ఎలా పనిచేశారో, పదో తరగతి పరీక్షలు దగ్గరపడితే తెల్లవారుజామునే పిల్లల ఇళ్లకు వెళ్లి తలుపు తట్టి ఎలా నిద్ర లేపేవారో చెప్పారు. అవన్నీ నిజమే. రిటైరయ్యాక ఒక రాత్రి ఆసుపత్రిలో ఆయన చేసిన పని మాత్రం అక్కడున్నవాళ్లలో మా ఇంటివాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ పనివల్ల బతికినవాణ్ణి కనుక దాన్ని రాయవలసింది నేనే.

2019 వేసవిలో నాకు విరేచనాలు పట్టుకుని తగ్గిపోయాయి. మరికొన్నాళ్లకు అరికాళ్లలో తిమ్మిరి మొదలైంది. నడుస్తుంటే కాలి చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. మెట్టెక్కాలంటే గోడ పట్టుకోవలసి వచ్చేది. ఊళ్లోని ఆరెంపీ నరాల బలహీనతని చెప్పి బీకాంప్లెక్సు ఇంజక్షన్లు పొడిచాడు. పరామర్శకు వచ్చిన బంధువొకాయన నా మంచం పక్కనే కూర్చుని కాఫీ తాగుతూ, ఏలినాటి శని పట్టిందని, ఇది అంత త్వరగా వదిలేది కాదని తేల్చేశాడు. తిమ్మిరి మోకాళ్లు దాటి చేతుల్లోకి పాకాక గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. వెన్ను నీరు తీసి, నరాల పరీక్షలు చేసి, గిలన్ బారే సిండ్రోమ్ అన్నారు. రోగాలతో పోరాడవలసిన రోగనిరోధక శక్తి దారితప్పి సొంత నరాలనే దెబ్బతీయడం ఈ జబ్బు. ఐవీఐజీ అనే మందును శరీర బరువులో కిలోకు రెండు గ్రాముల లెక్కన ఐదు రోజుల్లో ఎక్కించాలన్నారు. వేలమంది దాతల ప్లాస్మా నుంచి తీసే మందు కనుక దాని ధర కూడా అలాగే ఉంటుంది. సంపాదన ఉన్న కొడుకు తండ్రి హెల్త్ కార్డు కిందికి రాడు. నాన్న తన రిటైర్మెంటు డబ్బులోంచి కట్టారు. ఎంతయిందని అడిగితే "నీకెందుకురా" అనడమే తప్ప చివరిదాకా చెప్పలేదు.

మందు మొదలుపెట్టిన సాయంత్రం న్యూరాలజిస్టు వచ్చి, గట్టిగా ఊపిరి పీల్చుకుని మధ్యలో ఆగకుండా ఒకటి నుంచి లెక్కపెట్టమన్నారు. నేను ముప్పై ఒకటి దగ్గర ఆగిపోయాను. ఈ అంకె తగ్గుతూ వస్తే ఊపిరి తీసే కండరాలు కూడా నీరసిస్తున్నట్టని, వెంటనే తనకు కబురు చేయాలని సిస్టరుకు చెప్పి ఆయన వెళ్లిపోయారు. ఐసీయూలో మంచం ఖాళీ లేక నన్ను వార్డులోనే ఉంచడంతో నాన్న నా పక్కనే కూర్చున్నారు. ఫార్మసీ బిల్లు వెనక్కి తిప్పి, టైము ఒక వరసలో, అంకె ఒక వరసలో రాయడం మొదలుపెట్టారు. తొమ్మిదింటికి ముప్పై ఒకటి, పదకొండింటికి ఇరవై ఆరు, ఒంటిగంటకు పంతొమ్మిది. అంకెకూ అంకెకూ మధ్య నా గొంతు ముక్కుతో మాట్లాడినట్టు మారిపోతుండటం నాకే వినిపిస్తోంది. మింగిన ఉమ్మి లోపలికి దిగడం లేదు. కళ్లు మూస్తే మళ్లీ తెరవనేమోనన్న భయంతో గోడమీది గడియారాన్నే చూస్తూ పడుకున్నాను.

నాన్న ఆ కాగితం తీసుకుని డ్యూటీ డాక్టరు దగ్గరకు వెళ్లారు. తలుపు తెరిచే ఉండడంతో ఆయన మాట నాకు స్పష్టంగా వినబడింది: "ఆక్సిజన్ తొంభై ఎనిమిది ఉంది కదా మాస్టారూ, ఇంకేం కావాలి? లెక్కలు మీ బళ్లో చెప్పుకోండి." ఈ జబ్బులో వేలికి పెట్టే ఆ యంత్రం చివరి నిమిషం దాకా మంచి అంకే చూపిస్తుందని తరువాత తెలుసుకున్నాను. వైద్యం చదివినవాడికి తెలియాల్సిన సంగతి అది. నాన్న గొంతు పెంచలేదు. "పెద్ద డాక్టరుగారికి ఫోను చెయ్యండి బాబూ, మీరు చేసేదాకా నేనిక్కడే నిలబడతాను" అని అక్కడే నిలబడ్డారు. ఎంతసేపటికో ఫోను వెళ్లింది. పెద్ద డాక్టరు ఫోనులోనే మంచం సర్దించి నన్ను ఐసీయూకి మార్పించారు. తెల్లవారేలోగా, ఊపిరి పూర్తిగా ఆగకముందే, వెంటిలేటరు పెట్టారు. మరో రెండు గంటలు ఆలస్యమై ఉంటే తాను వచ్చి చేసేదేమీ ఉండేది కాదని ఆయనే అమ్మతో అన్నారట.

వెంటిలేటరు మీద గడిచిన కాలం గురించి చెప్పుకోదగ్గది ఒక్కటే ఉంది. లోపలికి రానిచ్చే కాసేపట్లో నాన్న నా చెవి దగ్గర వంగి ఎక్కాలు చదివేవారు, అదీ కావాలని తప్పు చదివేవారు. పదిహేడు ఎనిమిదులు నూట ఇరవై ఆరు అనగానే నేను రెప్పలు కొట్టాలి. అప్పుడాయన నూట ముప్పై ఆరని సరిదిద్దుకుని తరువాతి మెట్టుకు వెళ్లేవారు. పక్కమంచం వాళ్లు పెద్దాయనకు మతి పోయిందనుకుని ఉంటారు. కదలని ఒంట్లో బుద్ధి పనిచేస్తోందని నాకూ ఆయనకూ రుజువు చేసింది ఆ ఎక్కాలే.

కోలుకోవడానికి నెలలు పట్టింది. అమ్మ ఆంజనేయస్వామికి ఆకుపూజ మొక్కుకుంది. నడవగలిగాక నేనే వెళ్లి చేయించాను, అందులో నాకు ఏ సందేహమూ లేదు. కాళ్లలో నీరసం పైకి పాకుతుంటే మాత్రం మాలిష్‌లు, పసర్లు అంటూ తిరగకుండా నరాల డాక్టరు దగ్గరికే వెళ్లండి. ఆసుపత్రిలో చేరాక, ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలుగుతున్నారో ఇంటివాళ్లే గంటగంటకూ చూసుకుంటూ ఉండండి.

డిశ్చార్జి రోజున నాన్న ఆ డ్యూటీ డాక్టరును వెతుక్కుంటూ వెళ్లి, బిల్లు వెనకున్న అంకెలు చూపించి, ఎక్కడ తగ్గడం మొదలైందో, ఎప్పుడు ఫోను చేసి ఉండాల్సిందో లెక్క తప్పిన పిల్లవాడికి చెప్పినంత నెమ్మదిగా చెప్పారు. ఆ కుర్రాడు తల వంచుకుని విని, సారీ మాస్టారూ అన్నాడు. నాన్న అతని భుజం తట్టి వచ్చేశారు. చక్రాల కుర్చీలో కూర్చుని అదంతా చూసిన నాకు మాత్రం అతని మీద కోపం పోలేదు. నాన్న అంత మెత్తగా మాట్లాడినందుకు ఆయన మీదా కోపం వచ్చింది. ఆ రెండోది మాత్రం ఆయన పోయాక తగ్గింది.