సిగిరియ అద్దపు గోడ

వెనక జనం వరుస కట్టి ఉన్నా, శ్రీలంకలోని సిగిరియ కొండ నడుమ ఉన్న ఆ గోడ దగ్గర నుంచి ఈ ఉదయం నా కాళ్లు కదలలేదు. ఒకప్పుడు అద్దంలా మెరిసిందని చెప్పే ఆ సున్నపు పూత ఇప్పుడు తేనె రంగుకు తిరిగింది. దాని మీద గోటితో గీసినంత సన్నని సింహళ అక్షరాలు కనిపిస్తాయి.

అయిదో శతాబ్దంలో కాశ్యపుడనే రాజు కట్టించిన కోటను వెయ్యేళ్ల కిందటే చూడవచ్చిన యాత్రికులు, పైనున్న చిత్రాలలోని స్త్రీల అందానికి మురిసి రాసుకున్న పద్యాలవి. శిఖరం మీది కొలనుల కన్నా, సింహపు పాదాల కన్నా నన్ను కదిలించినవి ఇవే.

రేపు క్యాండీకి ప్రయాణం. బుద్ధుని దంతధాతువున్న ఆలయంతో పాటు, 1739 నుంచి 1815 వరకు అక్కడ ఏలిన, తెలుగు మూలాలున్న నాయక రాజులలో చివరివాడైన శ్రీ విక్రమ రాజసింహుడు తవ్వించిన చెరువును చూడాలని ఎంతో ఆశగా ఉంది.

సిగిరియకు వచ్చే మిత్రులు తెల్లవారగానే ఎక్కడం మొదలుపెట్టండి. ఎండ ముదిరాక రాయి కాలిపోతుంది, గోడ దగ్గర నిలబడి చూసే తీరికా ఉండదు.