సబ్సిడీ అని అరిచే ముందు

విదేశీ ఎయిర్‌లైన్స్‌కి వాళ్ల ప్రభుత్వాలు డబ్బు పోస్తుంటే మేమెలా తట్టుకోవాలి అని సొంత దేశపు విమాన సంస్థలు మొత్తుకుంటుంటే నాకు సగమే జాలి వేస్తుంది. 2015లో అమెరికా సంస్థలు డెల్టా, అమెరికన్, యునైటెడ్ కలిసి గల్ఫ్ ప్రభుత్వాల సంస్థలైన ఎమిరేట్స్, ఎతిహాద్, ఖతార్ ఎయిర్‌వేస్ మీద ఇదే గొడవ పెట్టాయి, ఏకంగా 4,200 కోట్ల డాలర్ల సబ్సిడీ లెక్క చూపించాయి. ఆ మూడు గల్ఫ్ సంస్థలూ కాదన్నాయనుకోండి. 2001 దాడుల తర్వాత అమెరికా ప్రభుత్వం తన ఎయిర్‌లైన్స్‌కి నేరుగా ఇచ్చిన 500 కోట్ల డాలర్లు మాత్రం ఆ అమెరికా సంస్థలకి గుర్తు రాలేదు!

అసలు దెబ్బ వేరే చోట తగులుతుంది. దుబాయ్ లాంటి హబ్‌కి, అంటే ప్రయాణికులు విమానం మారే పెద్ద ఎయిర్‌పోర్టుకి, వెళ్లే ఒక్క విమానంలో ఎన్నో ఊళ్లకు పోయేవాళ్లు ఉంటారు, ఒక్కో ఊరికి పదిమందే అయినా అందరినీ కలిపితే పెద్ద విమానం నిండిపోతుంది. నేరుగా నడిపే సంస్థకి ఆ పదిమందితో సర్వీసు గిట్టుబాటు కాదు. సబ్సిడీ తీసేసినా ఈ తేడా పోదు.

పోనీ వెనక డబ్బుంటే గెలుపు ఖాయమా అంటే అదీ లేదు. ఎతిహాద్ 49 శాతం వాటా తీసుకున్న ఇటలీ విమాన సంస్థ అలిటాలియా 2017లో దివాలా దాకా వెళ్లి, 2021 అక్టోబరులో మూతపడింది. కాకపోతే నష్టాలొస్తే ప్రైవేటు సంస్థకి బ్యాంకులు అప్పు ఆపేస్తాయి, ప్రభుత్వ సంస్థకి ఇంకో విడత డబ్బు వస్తుంది, అప్పటిదాకా చవగ్గా టికెట్లు అమ్ముతూనే ఉంటుంది. ప్రయాణికులకి పండగే, పోటీవాడు ఆ రూటు వదిలేసేదాకా.