కరక్కాయ తోలుని పట్టుకుంటుంది, మరి మన చర్మాన్ని ఎందుకు పట్టుకోదు?

మా ల్యాబులో ఒకే హెచ్‌పీఎల్‌సీ (కలిసిపోయిన పదార్థాల్ని విడదీసి చూపించే మెషీన్) మీద పొద్దున తోలు శాంపిల్స్ నడుస్తాయి, మధ్యాహ్నం ఫేస్ క్రీములు, సీరమ్‌లు నడుస్తాయి. కాలమ్ మారుస్తాం, మొబైల్ ఫేజ్ మారుస్తాం, మెషీన్ మాత్రం అదే. ఈ సంగతి చెప్తే చాలామందికి నమ్మకం కుదరదు. చెప్పులు కుట్టే తోలుకీ మొహానికి రాసుకునే క్రీముకీ సంబంధం ఏంటని అడుగుతారు. సంబంధం చాలా దగ్గరిది. మేక తోలైనా, గేదె తోలైనా, మన బుగ్గ మీద చర్మమైనా లోపల బలంగా పట్టి ఉంచేది కొలాజెన్ అనే ప్రోటీనే. తోలు పని చేసేవాళ్లు ఆ కొలాజెన్ కుళ్లిపోకుండా కట్టేయాలని చూస్తారు, స్కిన్ కేర్ వాళ్లు అది తగ్గిపోకుండా కాపాడాలని చూస్తారు.

ఈ మధ్య మా పిన్ని ఫోన్ చేసి, "నువ్వు అక్కడే పనిచేస్తావు కదమ్మా, కొలాజెన్ క్రీమ్ అని టీవీలో తెగ చూపిస్తున్నారు, కొననా?" అని అడిగింది. వద్దు పిన్నీ అని ఒక్క ముక్కలో చెప్పేశాను గానీ ఎందుకు వద్దో ఫోన్లో చెప్పే విషయం కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

ముందు మెషీన్ గురించి కొంచెం. హెచ్‌పీఎల్‌సీ చేసే పని లిక్విడ్ క్రొమటోగ్రఫీ, అంటే కలిసిపోయి ఉన్నవాటిని విడదీసి చూడటం. మేం ఎక్కువగా వాడే కాలమ్ ఒక స్టీలు గొట్టం, 250 మిల్లీమీటర్ల పొడవు, లోపల 4.6 మిల్లీమీటర్ల వెడల్పు. దాన్నిండా 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సిలికా గుండ్లు కూరి ఉంటాయి, ఒక్కో గుండు మీద 18 కార్బన్ల గొలుసులు అతికించి ఉంటాయి, అందుకే సి18 కాలమ్ అంటారు. కొంచెం ఆసిడ్ కలిపిన నీళ్లు, అసిటోనైట్రైల్ అనే ద్రావకం కలిపి (ఇదే మొబైల్ ఫేజ్) నిమిషానికి 1 మిల్లీలీటరు చొప్పున పంపు నెడుతూ ఉంటుంది. నీళ్లంటే ఇష్టమున్న అణువులు ముందు బయటికొస్తాయి, నూనె గుణం ఉన్నవి ఆ గొలుసుల్ని పట్టుకుని ఆలస్యంగా వస్తాయి. బయటికి వచ్చేచోట డిటెక్టర్ ఉంటుంది, ఒక్కో పదార్థం వచ్చినప్పుడు స్క్రీన్ మీద ఒక్కో పీక్ లేస్తుంది.

చరిత్రలో నాకు బాగా నచ్చే విషయం ఒకటుంది. ఆకుల్లో రంగుల్ని సుద్దపొడి గొట్టంలో విడదీసి ఈ పద్ధతికి మొదలుపెట్టింది రష్యన్ వృక్ష శాస్త్రవేత్త మిఖాయిల్ త్స్వెట్, 1900ల మొదట్లో. కానీ ఇప్పుడు మనం వాడే తీరుకి పునాది వేసింది 1941లో మార్టిన్, సింజ్ అనే ఇద్దరు, ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో, ఉన్ని పరిశ్రమ పరిశోధన సంస్థలో. ఉన్నిలో ఉన్న అమైనో ఆసిడ్లని విడదీయడం ఎలా అని తలపట్టుకుని కూర్చున్నవాళ్లు వాళ్లు. దానికే 1952లో నోబెల్ వచ్చింది. అంటే ఈ టెక్నిక్‌ని ముందుకు నెట్టిందే గొర్రె ఒంటి మీది ప్రోటీన్.

ఇక కరక్కాయ. మా తాత వాళ్లకి ఊరి బయట లంద, అంటే తోళ్లు నానబెట్టి పదును చేసే తొట్టి, ఉండేది. తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ దంచి నానబెట్టిన నీళ్లలో తోళ్లు వారాల తరబడి నానేవి. నీళ్లలో సత్తువ ఉందో లేదో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని చూసేవాళ్లట, నోరు వగరుతో బిగుసుకుపోతే ఇంకా పనికొస్తుందని లెక్క. అది చాలా సరైన పరీక్ష. వగరు అనిపించేదే ఆ చెక్కల్లో, కాయల్లో ఉండే టానిన్ అనే పదార్థం వెళ్లి ఉమ్మిలోని ప్రోటీన్లని పట్టుకోవడం వల్ల, లందలో తోలుకి జరిగేదీ అదే. ఎన్నో తరాల మాదిగ కుటుంబాలు చేతులతో, నాలికతో కూడబెట్టిన ఈ తెలివికి ఊళ్లో దక్కాల్సిన గౌరవం దక్కలేదు, ఈ టానిన్ శాంపిల్ ఇంజెక్ట్ చేసిన ప్రతిసారీ నాకు అది గుర్తొస్తుంది.

నాలిక ఎంత ఉందో చెప్తుంది, ఏముందో చెప్పలేదు. ల్యాబుల్లో వాడే రంగు పరీక్షలదీ అదే ఇబ్బంది. ఫోలిన్ రియేజెంట్ వేస్తే నీలం రంగు వస్తుంది, రంగు చూసి 'మొత్తం ఫినాల్స్ (టానిన్లు కూడా చేరే పెద్ద కుటుంబం) ఇంత' అని ఒక్క అంకె రాసేస్తారు. అందులో టానిన్ ఎంతో, టానిన్ కానిది ఎంతో తెలీదు, ఆఖరికి విటమిన్ సి ఉన్నా అదే నీలం వస్తుంది. ఆ ఒక్క అంకెని హెర్బల్ క్రీముల డబ్బాల మీదికి ఎక్కించడం నాకు అస్సలు నచ్చదు.

కొత్తగా చేరినవాళ్లకి నేను తప్పకుండా చేయించే ప్రయోగం ఒకటుంది. కరక్కాయ కషాయాన్ని వడకట్టి హెచ్‌పీఎల్‌సీలో వేస్తాం. గాలిక్ ఆసిడ్ మొదట్లోనే లేస్తుంది, తర్వాత కోరిలాగిన్, ఇంకా వెనక చెబులాజిక్ ఆసిడ్, చెబులినిక్ ఆసిడ్ అనే కరక్కాయ టానిన్లు. అదే కషాయంలో హైడ్ పౌడర్, అంటే శుభ్రం చేసిన పచ్చి తోలుని పొడి చేసింది, వేసి బాగా ఊపి, వడకట్టి మళ్లీ ఇంజెక్ట్ చేస్తాం. ఇప్పుడు రెండు క్రొమటోగ్రాములూ (పీకులు లేచిన గ్రాఫులు) ఒకదాని మీద ఒకటి పెట్టి చూడాలి. చెబులినిక్, చెబులాజిక్ పీకులు పడిపోయి ఉంటాయి, తోలుపొడి వాటిని లాగేసుకుంది. గాలిక్ ఆసిడ్ మాత్రం చాలావరకు అలాగే నిలబడి ఉంటుంది. గాలిక్ ఆసిడ్ అణుభారం 170, చెబులాజిక్ 954, చెబులినిక్ 956. చిన్నది కొలాజెన్ గొలుసుల మధ్యకి పోతుంది గానీ ఒకేసారి రెండు మూడు చోట్ల గట్టిగా పట్టుకునేంత చేతులు దానికి లేవు. బేట్-స్మిత్, స్వేన్ అనే శాస్త్రవేత్తలు 1962లో టానిన్ అంటే ఏంటో చెప్పినప్పుడు అణుభారం 500 నుంచి 3000 మధ్య ఉండాలన్నది ఇందుకే. మరీ పెద్దదైతే తోలు లోపలికి దిగదు, మరీ చిన్నదైతే దిగినా నిలవదు.

(తుమ్మ చెక్కతో ఇదే చేస్తే ఇంత అందంగా రాదు. దాన్లోవి కండెన్స్‌డ్ టానిన్లు, రకరకాల పొడవుల గొలుసులు, పీకులు విడిపోకుండా అన్నీ కలిసి పెద్ద గుట్టలా లేస్తాయి. దాన్ని విడగొట్టడం వేరే పెద్ద పని.)

ఆ 500 అనే అంకె గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే బతికున్న చర్మం దగ్గర మళ్లీ అదే ఎదురవుతుంది, కాకపోతే తిరగబడి. 2000లో బాస్, మైనార్డి అనే ఇద్దరు 500 డాల్టన్ సూత్రం అని ఒకటి రాశారు (డాల్టన్ అంటే అణుభారం కొలిచే యూనిట్). చర్మానికి తగిలి ఎలర్జీ తెచ్చే పదార్థాలు, చర్మం మీద రాస్తే పనిచేసే మందులు దాదాపు అన్నీ 500 డాల్టన్ల కంటే చిన్నవేనని, అంతకంటే పెద్దవి మంచి చర్మం దాటి లోపలికి పోవడం చాలా కష్టమని. ఇది గోడ కట్టినట్టు ఖచ్చితమైన హద్దు కాదు, చర్మం పగిలినా ఒరుసుకుపోయినా లెక్క మారిపోతుంది, 500కి కాస్త పైనున్న కొన్ని మందులూ పోతాయి. కానీ మొత్తం మీద సూత్రం నిలబడింది.

మరి తోలులోకి 956 ఎలా పోయింది? అక్కడ దారి ముందే తెరిచి పెడతారు కాబట్టి. తోళ్ల ఫ్యాక్టరీలో పచ్చి తోలుని సున్నంలో, సల్ఫైడ్‌లో నానబెట్టి వెంట్రుకలూ పైపొరా తీసేస్తారు, అవతల కండ గీకేస్తారు, మిగిలింది ఒట్టి కొలాజెన్ వల. మన ఒంటి మీద పైపొర అలాగే ఉంది. చాలాచోట్ల 10 నుంచి 20 మైక్రాన్ల మందం మాత్రమే ఉండే చచ్చిన కణాల పొర, మధ్యమధ్యలో సెరమైడ్లు, కొలెస్ట్రాల్, ఫ్యాటీ ఆసిడ్లు అనే కొవ్వులు. తోలుకీ బతికున్న చర్మానికీ మా లెక్క వేరయ్యేది ఆ సన్నటి పొర వల్లే.

దీన్ని కొలవడానికి ఫ్రాంజ్ సెల్ అని చిన్న గాజు సామాను ఉంటుంది. పైన ఒక గది, కింద ఒక గది, మధ్యలో పంది చెవి చర్మం బిగిస్తారు, మనిషి చర్మానికి అది బాగా దగ్గరగా ఉంటుంది కాబట్టి. చర్మం 32 డిగ్రీల దగ్గర ఉండేలా చూస్తూ పైన క్రీమ్ రాసి, కింద గదిలోని ద్రవాన్ని గంటగంటకీ కొంచెం తీసి హెచ్‌పీఎల్‌సీలో వేస్తారు. పీక్ లేస్తే దాటింది, లేవకపోతే దాటలేదు. ఎంత దాటిందో కూడా వస్తుంది. క్రీమ్‌లో ఏముంది అనే ప్రశ్న కంటే, దాన్లో ఏది లోపలికి పోయింది అనే ప్రశ్న నాకు చాలా ముఖ్యం అనిపిస్తుంది, డబ్బా మీద రాసేది మాత్రం ఎప్పుడూ మొదటిదే.

పిన్నీ, ఇప్పుడు నీ కొలాజెన్. ఒక పూర్తి కొలాజెన్ అణువు భారం దాదాపు 3 లక్షల డాల్టన్లు. మూడు గొలుసులు తాడులా పేనుకుని ఉంటాయి, ఆ ఆకారాన్ని 1954లో మద్రాసు యూనివర్సిటీలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా చెప్పారు. అంత పెద్ద తాడు 500 దగ్గరే ఆగిపోయే తలుపులోంచి పోదు. ముక్కలు చేసిన హైడ్రొలైజ్డ్ కొలాజెన్ కూడా మామూలుగా కొన్ని వేల డాల్టన్లు ఉంటుంది, అణువుల్ని సైజును బట్టి విడదీసే సైజ్ ఎక్స్‌క్లూజన్ కాలమ్‌లో వేస్తే అది స్పష్టంగా కనపడుతుంది. చర్మం పైన సన్నటి పొరలా ఉండి తేమ పట్టి ఉంచుతుంది, కాసేపు మెత్తగా ఉంటుంది, అది నిజం. లోపలి కొలాజెన్‌లో కలిసిపోతుందనేది నిజం కాదు. అదే తేమ గ్లిజరిన్ కూడా ఇస్తుంది, చాలా తక్కువ ఖర్చుతో.

కొలాజెన్ కొలవాలంటే మేం చూసేది హైడ్రాక్సీప్రోలిన్ అనే అమైనో ఆసిడ్‌ని. వేరే ప్రోటీన్లలో చాలా అరుదు, కొలాజెన్‌లో బరువులో ఇంచుమించు 13 శాతం. తోలు ముక్కని గాఢమైన (6 నార్మల్) హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌లో 110 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉడికించి అమైనో ఆసిడ్లుగా విడగొడతాం. హైడ్రాక్సీప్రోలిన్‌కి సొంతంగా డిటెక్టర్ వాడే యూవీ కాంతిలో కనపడే గుణం సరిగా లేదు, దానికి ఒక రంగు తోక తగిలించాలి. మామూలుగా అమైనో ఆసిడ్లకి వాడే ఓపీఏ అనే రియేజెంట్ దీన్ని అసలు పట్టుకోదు, ఎఫ్‌ఎంఓసీ లాంటి వేరే రియేజెంట్ వాడాలి. తోలు ఎంత గట్టిగా పదును అయిందో చూడటానికి కూడా ఇదే దారి. కొలాజెన్‌ని ముక్కలు చేసే కొలాజెనేజ్ ఎంజైమ్ వేసి, ఎంత హైడ్రాక్సీప్రోలిన్ బయటికొచ్చిందో కొలవడం. తక్కువ వస్తే టానిన్ బాగా కట్టేసినట్టు.

బతికున్న ఒంట్లో ఈ హైడ్రాక్సీప్రోలిన్ తయారవ్వాలంటే విటమిన్ సి ఉండి తీరాలి, అది లేకే స్కర్వీ అనే జబ్బు వచ్చి చిగుళ్ల నుంచి రక్తం కారేది. విటమిన్ సి అణుభారం 176. ఇది దాటగలదు, అది కూడా పీహెచ్ 3.5 కంటే తక్కువుంటేనే, అంటే బాగా ఆసిడ్‌గా ఉంటేనే, బాగా దాటుతుందని 2001లో డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు పంది చర్మం మీద చూపించారు. కొలాజెన్ కోసం ఏదైనా రాయాలనుకుంటే 3 లక్షల డాల్టన్ల తాడు కంటే ఈ 176 మీద ఆశ పెట్టుకోవడం నయం. కాకపోతే సీరమ్ పసుపెక్కి గోధుమ రంగుకి తిరిగిందంటే లోపల విటమిన్ సి పాడైపోతోందని అర్థం, హెచ్‌పీఎల్‌సీలో ఆ పీక్ తగ్గుతూ పోవడం మేం చూస్తూనే ఉంటాం.

చిన్నవి లోపలికి పోతాయన్నది మంచికే కాదు. తోలు పదునుకి వాడే క్రోమియం మూడో స్థితిలో ఉంటే భయం తక్కువ, ఆరో స్థితికి మారితేనే పెద్ద గొడవ, అది చర్మం దాటి ఎలర్జీ తెస్తుంది. అందుకే ఒంటికి తగిలే తోలులో కిలోకి 3 మిల్లీగ్రాములు దాటకూడదని 2015 మే నుంచి యూరప్‌లో నిబంధన. పాత రంగు పరీక్షలో తోలు డై కూడా రంగు చూపించి తికమక పెడుతుంది కాబట్టి అయాన్ క్రొమటోగ్రఫీ పద్ధతి తెచ్చారు. కరక్కాయ లాంటి టానిన్లు చివర్లో కొంచెం వేస్తే అలా మారడం తగ్గుతుంది కూడా. తెనాలి దగ్గర యలవర్రులో పుట్టి, అడయారులోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థని నడిపిన యలవర్తి నాయుడమ్మ గారి ఊరివైపు వాళ్లకైనా ఈ విషయాలు ఇంటి మాటల్లా తెలియాలని నా కోరిక.

గోరింటాకులో లాసోన్ అనే రంగు పదార్థం అణుభారం 174, అది గోళ్లనీ చర్మం పైపొరనీ పట్టుకుని ఎరుపిస్తుంది. గంటలో నల్లగా పండుతుందని అమ్మే కోన్లలో కలిపే పీపీడీ అనే రసాయనం అణుభారం 108, కొందరికి బొబ్బలు తెచ్చేది అదే.

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది ఫెయిర్‌నెస్ కోసమని వాడే స్టెరాయిడ్ ట్యూబులు. క్లోబెటసాల్ ప్రొపియోనేట్ 467, బెటామెథసోన్ వాలరేట్ 476, రెండూ హాయిగా లోపలికి పోతాయి. హెచ్‌పీఎల్‌సీలో 240 నానోమీటర్ల యూవీ కాంతి దగ్గర చూస్తే పదునైన పీకులు. మొదటి వారాల్లో మొహం తెల్లబడుతుంది, మొటిమలు తగ్గినట్టు ఉంటాయి. ఆ తర్వాత అవే కణాల్ని కొలాజెన్ తయారు చేయనివ్వవు, చర్మం పలచబడుతుంది, ఎర్రటి రక్తనాళాలు పైకి కనపడతాయి, ఎండలోకి వెళ్తే మంట. 2018లో ఇలాంటి చాలా స్టెరాయిడ్ క్రీముల్ని షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చారు, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, అయినా మందుల షాపుల్లో అడగ్గానే ఇచ్చేస్తున్నారు. ఇంట్లో ఉన్న ట్యూబు తిప్పి వెనక చిన్న అక్షరాలు చదవండి. క్లోబెటసాల్, బెటామెథసోన్, మోమెటసోన్, ఈ పేర్లలో ఏదున్నా, డాక్టర్ రాయకుండా మొహానికి వాడుతుంటే, రేపటి నుంచి ఒక్కసారిగా మానేయకండి, అలా మానేస్తే మొహం ఇంకా ఎర్రబడి మండుతుంది. ట్యూబు చేత్తో పట్టుకుని స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లి ఎలా తగ్గించాలో అడగండి.