వారియర్ ఫిరంగుల డెక్కులో జాకీ ఫిషర్ కోసం

లండన్ వాటర్లూలో రైలెక్కితే పోర్ట్స్‌మత్‌కి ఓ గంటా నలభై నిమిషాలు. పోర్ట్స్‌మత్ అండ్ సౌత్‌సీ అనే స్టేషన్ ముందొస్తుంది, అక్కడ దిగిపోకూడదు. చివరిదైన హార్బర్ స్టేషన్ పక్కనే, ఇప్పుడు మ్యూజియంగా ఉన్న 1860ల నాటి బ్రిటిష్ ఇనప యుద్ధనౌక వారియర్ తెరచాప స్తంభాలు కనబడతాయి.

నేను వెళ్లింది జాకీ ఫిషర్ కోసం. 1841లో సిలోన్‌లో పుట్టి, పదమూడేళ్లకే బ్రిటిష్ నౌకాదళంలో చేరి, చివరికి దానికే అధిపతై 1906లో డ్రెడ్‌నాట్ అనే యుద్ధనౌకని నీళ్లలోకి దింపించినాయన. 1863లో వారియర్ మీద ఫిరంగుల లెఫ్టినెంట్. ఆయన పతకాలకంటే ఈ డెక్కే ఆయన్ని బాగా చెబుతుంది. మెట్లు నిటారుగా ఉంటాయి, వాటివైపు తిరిగే దిగాలి.

అప్పట్లో ఈ నౌక మీద 68 పౌన్ల గుండు పేల్చే ఫిరంగులు 26, మూతిలోంచి కూరేవి. 110 పౌన్ల ఆర్మ్‌స్ట్రాంగ్‌లు 10, వెనకనుంచి నింపేవి. ఇప్పుడున్నవాటిలో చాలామటుకు ఫైబర్‌గ్లాస్ నమూనాలే. ఆర్మ్‌స్ట్రాంగ్ దగ్గర కాసేపు ఆగాను. పైనున్న గాడిలోంచి బరువైన ఇనప దిమ్మెని ఎత్తాలి, వెనకనున్న బోలు మరలోంచి గుండునీ మందుసంచినీ లోపలికి తొయ్యాలి, దిమ్మె దించి మర బిగించాలి. బిగింపు చాలకపోయినా, దిమ్మెలో బీట ఉన్నా, పేలుడు దాన్నే పైకి ఎగరగొడుతుంది. 1863 ఆగస్టులో జపాన్‌లోని కగోషిమా దగ్గర బ్రిటిష్ నౌకలు ఇలాంటి 21 ఫిరంగుల్ని 365 సార్లు పేలిస్తే 28 ప్రమాదాలు జరిగాయి. దాంతో నౌకాదళం మళ్లీ మూతిలోంచి కూరడానికే తిరిగొచ్చింది. నావికుల భోజనం బల్లలూ ఈ ఫిరంగుల మధ్యే, బల్లకి 18 మంది.

నౌక గోడ నాలుగున్నర అంగుళాల ఇనుము, దాని వెనక 18 అంగుళాల టేకు, ఒక పొర అడ్డంగా, ఒక పొర నిలువుగా. (ఇంగ్లీషువాళ్ల ‘టీక్’ మన ద్రావిడ భాషల మాటే.) పలకల అంచుల్ని నాలుక-గాడిలా ఒకదాన్లో ఒకటి ఇరికించారు. గట్టిదనం వచ్చింది గానీ, దెబ్బతిన్న ఒక్క పలకని ఊడదీయడం గగనమైంది. పైగా ఈ కవచం నడిమి 213 అడుగులకే. చుక్కాని నడిపే యంత్రం దాని బయటే ఉండిపోయింది. 1882లో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా మీద బ్రిటిష్ నౌకలు ఫిరంగిగుండ్లు కురిపించినప్పుడు ఫిషర్ కెప్టెన్‌గా ఉన్న ఇన్‌ఫ్లెక్సిబుల్ నౌకకి 24 అంగుళాల కవచం, అయినా దాని రెండు కొసలూ కవచం లేనివే!

డాక్‌యార్డ్ లోపల పాత చెక్క యుద్ధనౌక విక్టరీ ఉంది. 1854లో ఫిషర్ నౌకాదళంలో చేరింది దాని మీదే. అప్పుడది రేవులో తేలుతుండేది, పొడి డాక్‌లోకి వచ్చింది 1922లో. నేను వారియర్‌తో మొదలుపెట్టాను. మీరు ముందు విక్టరీ చూసి ఇటు రండి, తొమ్మిదేళ్లలో ఆ కుర్రాడు చూసిన మార్పు అదే వరసలో కనిపిస్తుంది.