అయిపోయింది మేడం

మొన్న మీటింగ్‌ల పదిమంది ముందట మా మేడం నన్ను ఒక్క మాట అడిగింది, "అయిపోయిందా, అయితదా?" అని. గంతే. తిట్టలే, గొంతు గూడ పెంచలే. కానీ ఆ రాత్రి రెండు దాక నాకు నిద్ర పట్టలే.

సంగతేందంటే నేను జర్మనీల ఒక యూనివర్సిటీల ఏఎంఎస్ డేటా మీద పని చేస్తున్న. 2011 మే నెలల షటిల్‌ల తీస్కపోయి స్పేస్ స్టేషన్ మీద బిగించిన డిటెక్టర్ అది, దగ్గర దగ్గర ఏడున్నర టన్నులు, నడుమ పెద్ద అయస్కాంతం. కాస్మిక్ కిరణాలు, అంటే అంతరిక్షంకెళ్లి దూసుకొచ్చే పార్టికల్స్, కిందికి రాంగనే గాలికి తాకి ముక్కలు ముక్కలైతయి, వచ్చిన పార్టికల్ అసలు ఏందో చూడాల్నంటే పైకే పోవాలె. అండ్ల పాజిట్రాన్లు ఏరుడు నా పని. పాజిట్రాన్ అంటే ఎలక్ట్రాన్ అసొంటిదే, చార్జ్ మాత్రం ప్లస్. వేల ప్రోటాన్ల నడుమ ఒక్క పాజిట్రాన్ ఉంటది, చార్జ్ రెంటికీ ఒకటే, అయస్కాంతంల రెండూ ఒక్క దిక్కే వంగుతయి. అందుకే ఆ వంపు కొలిచే ట్రాకర్ ఒక్కదాని మాట నమ్మం. దానికి పైన ఇంకోటి ఉంటది, పాజిట్రాన్ తేలిక గదా, అండ్లకెళ్లి పోతే ఎక్స్‌రేలు పుడ్తయి, ప్రోటాన్‌కు పుట్టవనే అనుకోరి. అడుగున సీసం, ఫైబర్లు పేర్చిన కెలోరీమీటర్, ఎనర్జీ కొలిచేది. పాజిట్రాన్ తన ఎనర్జీ మొత్తం దాదాపు ఆడనే వదిలేస్తది, ట్రాకర్ చెప్పిన లెక్కతోని అది కలవాలె. ప్రోటాన్ అయితే ఊకే దూసుకపోతది, లేకుంటే సగం సగం వదుల్తది.

ఆ కెలోరీమీటర్ చెకింగే నేను సగం డేటాకు రన్ చేసి, మిగిలింది రాత్రికి అయిపోతది గదా అని "అయిపోయింది మేడం" అన్న.

మనకాడ ఇది అబద్ధమా, మీరే చెప్పుండ్రి. హన్మకొండల మా టైలర్ "అయిపోయింది తమ్మీ, కాజాలే ఉన్నయ్" అంటడు, అప్పటికి బట్టకు కత్తెర గూడ పెట్టి ఉండడు, అది మనకు తెలుసు, మనకు తెలుసని ఆయనకూ తెలుసు. పట్నంకెళ్లి వచ్చేటోడు ఫోన్‌ల "కాజీపేటల ఉన్న" అన్నడంటే ఇంక ఘన్‌పూర్ దాటలేనట్టు. ఎదుటి మనిషిని "కాలే" అని ఉత్త చేతులతోని పంపుడెట్ల అని అంటం గంతే, మోసం చేద్దామని కాదు.

మన సార్లు పదిమందిల తిట్టరా అంటే తిడ్తరు, ఇంక ఎక్కువనే తిడ్తరు. కానీ తిట్టినంక రెండ్రోజులు మొఖం మాడ్చుకొని ఉంటరు, మనం గూడ వాళ్లకు కనవడకుండ తిరుగుతం, లెక్క సాఫ్ అయితది. ఈమె అట్ల కాదు, అరగంటకే ఇంట్ల చేసిన ఆపిల్ కేక్ ముక్క తెచ్చి నా టేబుల్ మీద పెట్టి మీ అమ్మ మోకాలు ఎట్లుంది అని అడిగింది. కోపం ఉంటే నేను గూడ కోపం చేద్దును, లేనిదాన్ని ఏం చెయ్యాలె. పేరు పెట్టి పిలువుమంటది, నాకు నోరు రాదు, కేక్ తినుకుంట గూడ "థాంక్యూ మేడం" అనే అన్న.

తెల్లారి చూస్తె మిగిలిన సగం రన్ అయిపోయింది. నేను పాజిట్రాన్లని లెక్కేసినయాట్ల మూడు ప్రోటాన్లే.

గప్పుడే అమ్మ ఫోన్. "తిన్నవా బిడ్డా?" "ఆ, తిన్న." "ఏం తిన్నవ్?" "పప్పు." "పప్పు రాత్రి తిన్ననంటివి గదా. ఏది, వీడియో పెట్టు, గిన్నె చూపియ్."