బడి లైబ్రరీలోకి మాంగా
టీచర్లకీ లైబ్రేరియన్లకీ మాంగా, అంటే జపాన్ బొమ్మల కథల గురించి చెప్పే ముందు పుస్తకం చేతికివ్వాలి. ఇంగ్లీషు అనువాదమైనా సరే, చాలావాటిని వెన్ను (పేజీలు కలిసే అంచు) కుడిచేతి వైపు ఉండేలా పట్టుకోవాలి. అలవాటుకొద్దీ ఎడమవైపు నుంచి తెరిస్తే ముందే ముగింపు కనిపించేస్తుంది. కుడి పైమూల బొమ్మ గడితో మొదలుపెట్టి ఎడమకి, తర్వాత కింది వరసకి. ఒకే గడిలో రెండు మాటల బుడగలుంటే కుడిదే ముందు. ఇక్కడ తడబడితే ప్రశ్న కన్నా ముందు జవాబొస్తుంది, "మాకర్థం కాదు" అని పక్కన పెట్టేస్తారు. పాపం, తప్పు వాళ్ళది కాదు! నాలుగు పేజీలు వేలు పెట్టి చూపిస్తూ చదివించండి, కళ్ళు అలవాటు పడతాయి.

మాంగాలో షోనెన్ రకం అంటే అబ్బాయిల పత్రికల్లో వచ్చిన కథ అని, అంతే. అన్ని వయసులకీ సరిపోతుందని కాదు. వెనక అట్ట మీద వయసు గుర్తు చూడండి, మధ్య సంపుటాలూ తిరగేయండి. సిరీస్ సాగేకొద్దీ హింస పెరగొచ్చు.

లైబ్రరీ స్టిక్కరుతో వెన్ను మీది సంపుటి నంబరు మూసేయకండి. మూడోది కావలసిన పిల్లాడు ఏడోది పట్టుకెళ్తాడు.